గ్రహశకలాన్ని దారి మళ్లించే ప్రోగ్రాం: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మేడ ఎక్కి చూసే ఊళ్లు మనవి. అందుకేనేమో నెల్లూరు, కావలి, ఒంగోలు పిల్లలు సైన్స్ ప్రాజెక్టు అనగానే అంతరిక్షం వైపే వెళ్తారు. నాసా పంపిన డార్ట్ నౌక 2022లో డైమార్ఫస్ అనే చిన్న గ్రహశకలాన్ని ఢీకొట్టాక, భూమి మీదికొచ్చే గ్రహశకలాన్ని పక్కకు తప్పించే పైథాన్ ప్రోగ్రాములు నా దగ్గరికి చాలానే వస్తున్నాయి. సూర్యుడి గురుత్వం లెక్కగట్టడం, లూప్ రాయడం, గ్రాఫ్ గీయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ఏ లక్షణం కనిపించినా ముందు చేయాల్సింది ఒక్కటే. నెట్టే వేగం దగ్గర సున్నా పెట్టి నడపండి. అప్పుడు శకలం భూమికి తగలాలి. తగలకపోతే మీ ప్రాజెక్టులో మళ్లింపు అనేదే లేదు. అర నిమిషం పట్టే ఈ పని చేయకుండానే చార్టులు అతికించేస్తున్నారు.

లక్షణం: కాస్త నెట్టినా లక్షల కిలోమీటర్ల దూరం తప్పించుకుపోతోంది

అందరూ సంబరపడేది ఇక్కడే, నన్ను ఎక్కువగా సతాయించిందీ ఇదే. ప్రోగ్రాం ఎర్రర్ చూపించదు. గ్రాఫ్ అందంగా వస్తుంది. భూమి క్షేమం అని స్క్రీన్ మీద పడుతుంది. సున్నా పెట్టి నడిపితే అప్పుడూ క్షేమం అనే అంటుంది!

కారణం లూప్ లోపల ఉంది. పాత వేగంతో స్థానాన్ని, పాత స్థానం దగ్గరి త్వరణంతో వేగాన్ని మారుస్తుంటారు. దీన్ని ఆయిలర్ పద్ధతి అంటారు, పుస్తకాల్లో మొదట నేర్పేది ఇదే. కక్ష్య వంపు తిరిగి ఉంటే ఈ పద్ధతి ప్రతి అడుగులో స్పర్శరేఖ వెంట నేరుగా బయటికి వెళ్తుంది. దాంతో అడుగడుగునా లేని శక్తి కొంచెం చేరుతుంది. భూమి కక్ష్యలాంటి కక్ష్యలో ఒక రోజు స్టెప్ (అంటే ఒక్కో అడుగుకు పట్టే కాలం) పెడితే ఏడాది తిరిగేసరికి శక్తిలో సుమారు 15 శాతం తేడా వస్తుంది. అంటే శకలం కోట్ల కిలోమీటర్లు బయటికి జరుగుతుంది. గంట స్టెప్ పెట్టినా ఏడాదికి పది లక్షల కిలోమీటర్ల పైనే.

ఇప్పుడు మీరు వెతుకుతున్న మార్పు ఎంతో చూడండి. సుమారు 580 కిలోల డార్ట్ సెకనుకు 6 కి.మీ. పైచిలుకు వేగంతో గుద్దితే, దాదాపు 150 మీటర్ల డైమార్ఫస్ వేగం సెకనుకు 2.7 మి.మీ. మాత్రమే మారింది. ఇంత చిన్న మార్పు ఫలితం వేల కిలోమీటర్లలో ఉంటుంది. పది లక్షల తప్పు కింద అది కనిపించదు.

పరిష్కారం లీప్‌ఫ్రాగ్ పద్ధతి. ముందు సగం స్టెప్‌కు వేగం మార్చండి, ఆ వేగంతో పూర్తి స్టెప్ స్థానం మార్చండి, కొత్త స్థానం దగ్గర త్వరణం మళ్లీ లెక్కగట్టి మిగతా సగం వేగం మార్చండి. మూడు లైన్ల పని. దీనిలో శక్తి ఒకవైపే పెరుగుతూ పోదు. అయినా పదేళ్లకు రోజు స్టెప్ ముతకే, గంటకు తగ్గించండి. స్టెప్‌ను సగం చేసినా జవాబు మారకపోతేనే నమ్మండి.

ఢీకొట్టే శకలాన్ని తయారు చేసుకోవడానికి కూడా మంచి దారి ఉంది. భూమి గురుత్వాన్ని ప్రస్తుతానికి వదిలేసి, శకలాన్ని ఢీకొట్టే చోటే పెట్టి, స్టెప్‌ను మైనస్ చేసి పదేళ్లు వెనక్కి నడపండి. అక్కడి నుంచి ముందుకు నడిపితే లీప్‌ఫ్రాగ్‌లో అదే చోటికి తిరిగొస్తుంది. ఆయిలర్‌లో రాదు.

లక్షణం: గట్టిగా నెట్టినా తగులుతూనే ఉంది

పక్కకు నెడుతున్నారు. అడ్డంగా నెడితే శకలం పాత దారికి అటూ ఇటూ ఊగుతుందే తప్ప తేడా ఏడాదికేడాది పోగవదు. అది వెళ్లే దిశలోనే, లేదా దానికి సరిగ్గా ఎదురుగా నెట్టండి. అప్పుడు చుట్టు తిరిగే కాలం మారుతుంది, ప్రతి చుట్టులోనూ తేడా పెరుగుతుంది. రైల్వే గేటు దగ్గర దారి మార్చక్కర్లేదు, రైలు వెళ్లాక చేరితే చాలు. ఇదీ అంతే. సెకనుకు దాదాపు 30 కి.మీ. వేగంతో వెళ్లే భూమి తన వ్యాసమంత దూరాన్ని ఏడు నిమిషాల్లో దాటేస్తుంది.

దాదాపు వృత్తంగా ఉన్న కక్ష్యలో పదేళ్ల ముందు సెకనుకు ఒక్క సెంటీమీటర్ మార్చితే, శకలం కక్ష్య వెంట సుమారు 9,500 కి.మీ. జరుగుతుంది. భూమి వ్యాసార్ధం 6,371 కి.మీ. అదే మార్పు ఏడాది ముందు చేస్తే వెయ్యి కిలోమీటర్లు కూడా రాదు. కాబట్టి బలం పెంచేముందు తేదీని వెనక్కి జరపండి.

లక్షణం: "సార్, ముందుకు నెడితే వెనకబడిపోతా ఉంది"

ప్రోగ్రాం సరిగ్గానే ఉంది, ముట్టుకోకండి. వేగం పెంచితే కక్ష్య పెద్దదవుతుంది, చుట్టు తిరగడానికి ఎక్కువ కాలం పడుతుంది, అందుకే వెనకబడుతుంది.

అరుదుగా వచ్చేవి

నెట్టినా నెట్టకపోయినా జవాబు అక్షరం మారకపోతే 32 బిట్ల సంఖ్యలు వాడుతున్నారేమో చూడండి. సెకనుకు 30,000 మీటర్ల వేగానికి ఒక మిల్లీమీటర్‌లోపు మార్పును కలిపితే ఆ సంఖ్యల్లో అది మాయమైపోతుంది. 64కు మార్చండి. శకలం మొదటి రోజే ఎటో ఎగిరిపోతే కిలోమీటర్లు, మీటర్లు కలిసిపోయాయి.

మీ లెక్క డార్ట్ ఫలితంలో మూడో వంతే వస్తే కంగారు వద్దు. గుద్దినప్పుడు వెనక్కి ఎగజిమ్మిన రాళ్లు, దుమ్ము కూడా శకలాన్ని నెట్టాయి. దానివల్ల మొత్తం తోపు ఎన్ని రెట్లయిందో చెప్పే గుణకం సుమారు 3.6 అని అంచనా, డైమార్ఫస్ సాంద్రతను బట్టి 2.2 నుంచి 4.9 దాకా ఉండొచ్చు. ఒకసారి 1తో, ఒకసారి 3.6తో లెక్కగట్టి రెండూ చార్టులో పెట్టండి. డైమార్ఫస్ ద్రవ్యరాశిని కొలవడానికి 2024 అక్టోబరులో బయల్దేరిన హెరా నౌక పని పూర్తిచేస్తే ఆ సంఖ్య ఇంకా కచ్చితంగా తెలుస్తుంది, అప్పుడు మార్చుకోవచ్చు.