గుంటూరు అమ్మాయి, సూర్యలంక అబ్బాయి: తీరప్రాంత ప్రేమకథ రాసే విధానం

సముద్రపు ఒడ్డున పుట్టిన ప్రేమను కథగా రాయదలచినవారు వెన్నెలను, అలలను కాస్త పక్కన పెట్టి ముందుగా నెలను నిర్ణయించుకోవాలి. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజుల పాటు, మరపడవల వేటను నిషేధిస్తారు. గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు వచ్చేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. అందువల్ల మిర్చి కమీషన్ వ్యాపారి కుటుంబంతో బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి వచ్చే నాటికి, నిజాంపట్నం హార్బరులో కలాసీగా, అంటే మరపడవ మీద కూలికి, పనిచేసే యువకుడు సొంత ఊరికి చేరి, ఒడ్డున వల బాగుచేసుకుంటూ ఉంటాడు. వ్యాపారి కూతురికి అది సెలవు, అతనికి ఆదాయం లేని రోజు. ఇంత స్పష్టంగా అంతరం కనబడుతున్నప్పుడు కారునూ మేడనూ వర్ణిస్తూ పుటలు నింపనవసరం లేదు.

తెలుగులో అంతస్తుల తేడాను చెప్పడానికి సంబోధనను మించిన సాధనం లేదని నా గట్టి నమ్మకం. అతడు ఆమెను "మీరు" అంటాడు. ఆమె ఆలోచించకుండానే అతన్ని "నువ్వు" అంటుంది, ఆ పిలుపులో ఉన్నది చనువు కాదు, ఇంట్లో పనివారితో మాట్లాడిన అలవాటు. అతని నోట "అండి" ఎప్పుడు జారిపోవాలో రాయడం మొదలుపెట్టకముందే తేల్చుకోండి. "చెప్పులు విప్పెయ్, తడుస్తాయి" అన్న చిన్న మాట చాలు, ప్రేమను వేరే ప్రకటించనక్కరలేదు. మర్నాడు ఆమె మేనత్త కొడుకు వచ్చాక అతడు "ఎప్పుడు బయలుదేరుతున్నారండీ?" అని అడిగితే, అసూయ అన్న పదం వాడకుండానే పాఠకుడికి గుండె కలుక్కుమంటుంది.

ఆ బావను దుర్మార్గుడిగా చిత్రించకండి. అతడు మంచివాడైతేనే, తప్పుపట్టడానికి ఏమీ దొరకక, కథానాయకుడి బాధ రెట్టింపవుతుంది.

ఆమె అసూయకు మరో మూలం వెతకాలి. నిషేధం ముగియగానే అతడు సముద్రంలోకి వెళతాడు, నడిసముద్రంలో ఫోనుకు సిగ్నల్ ఉండదు, రోజుల తరబడి జవాబు రాకపోయేసరికి ఆమె ఎవరో మరో అమ్మాయిని ఊహించుకుంటుంది. అతని పని ఎలా సాగుతుందో ఆమె ఏనాడూ అడగలేదు, అడగవలసిన అవసరమూ ఆమె జీవితంలో రాలేదు. ఈ అనుమానం ఆమె పెరిగిన తీరులోంచే పుట్టిందని పాఠకుడు గ్రహించాలి గానీ, రచయిత వ్యాఖ్యానించకూడదు.

ముగింపుకు కార్తీక పౌర్ణమి తగిన సమయం. ఆ తెల్లవారుజామున సూర్యలంకలో సముద్రస్నానానికి వచ్చిన జనమంతా ఒకే నీటిలో నిలబడతారు. పెళ్లి జరిగిందో లేదో చెప్పవద్దు. ఇన్నాళ్లూ "నువ్వు" అన్న అమ్మాయి, తండ్రి వింటుండగా, "ఏమండీ" అని పిలవాలి. అతనితో పాటు తండ్రీ, బావా తలలు తిప్పుతారు. కథను అక్కడ ఆపండి.