మొరాయించే ఇంటి జనరేటర్‌ను బాగు చేయించుకోవడం ఎలా?

అనంతపురంలో మే నెల సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయినప్పుడే జనరేటర్ మొరాయిస్తే, దానిని ఆటోలో వేసుకుని కనిపించిన మొదటి షాపులో దించేవారే ఎక్కువ. అలా చేయకండి. జనరేటర్‌లో నిజానికి రెండు యంత్రాలున్నాయి: పెట్రోలుతో నడిచే ఇంజిన్ ఒకటి, ఆ ఇంజిన్ తిప్పితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మరొకటి. మొదటిది ఇంజిన్ మెకానిక్ పని, రెండోది వైండింగ్ షాపు పని. లోపం ఎటువైపు ఉందో ఇంటి దగ్గరే తేల్చుకుంటే సగం ఖర్చు తప్పుతుంది.

ముందుగా జనరేటర్‌ను ఆరుబయట సమతలమైన నేల మీద ఉంచి, ఇంటి వైర్లన్నీ తీసేసి స్టార్ట్ చేయండి. తాడు ఎంత లాగినా అందుకోకపోయినా, కాసేపు నడిచి ఆగిపోయినా, శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉన్నా లోపం ఇంజిన్‌దే. ఇంజిన్ నిలకడగా నడుస్తూ, ప్యానెల్ మీది బ్రేకర్ ఆన్‌లో ఉండి కూడా, జనరేటర్ సాకెట్‌కే నేరుగా తగిలించిన బల్బు వెలగకపోతే వైండింగ్ వైపు చూడాలి.

ఇంజిన్ లోపమైతే మెకానిక్‌ను పిలిచే ముందు ఆయిల్ మట్టం చూడండి. చాలా జనరేటర్లలో ఆయిల్ తగ్గితే ఇంజిన్‌ను ఆపేసే సెన్సర్ ఉంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉన్న పెట్రోలును తీసేసి కొత్తది పోయండి. ఇప్పుడు మనకు దొరికే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది కనుక అది తేమను పీల్చుకుంటుంది, పాతబడిన పెట్రోలు జిగురుగా మారి ఇంజిన్‌కు పెట్రోలును గాలితో కలిపి అందించే కార్బొరేటర్‌లోని జెట్‌ అనే సన్నని రంధ్రాన్ని మూసేస్తుంది. మన ఎర్రమట్టి దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ త్వరగా నిండుతుంది కాబట్టి దానినీ విప్పి చూడాలి.

ఆ దుమ్ము నాకొక పాఠం నేర్పింది. మా జనరేటర్ సరిగ్గా పది నిమిషాలు నడిచి ఆగిపోయేది. రెండుసార్లు కార్బొరేటర్ కడిగించినా అదే తీరు. మూడోసారి ఆగినప్పుడు, ఇంజిన్ చల్లారాక పెట్రోలు ట్యాంకు మూత తిప్పితే ‘సుయ్’మని గాలి లోపలికి పోయింది, వెంటనే తాడు లాగితే ఒక్క లాగుకే అందుకుంది. మూతలోని గాలి రంధ్రం మట్టితో పూడిపోవడంతో పెట్రోలు కిందికి దిగలేదన్నమాట. గుండుసూదితో పోయిన లోపానికి రెండు మజూరీలు కట్టాను. అందుకే మెకానిక్‌తో ‘పాడైంది’ అని ఊరుకోకుండా, ఎన్ని నిమిషాలు నడిచింది, ఏం వేస్తే ఆగింది, చివరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చారు అన్నవి కాగితం మీద రాసి ఇవ్వండి. మార్చిన పాత భాగాన్ని చూపమని అడగండి.

బోరు మోటార్లు కాలడం మామూలైన మన జిల్లాలో వైండింగ్ షాపులకు కొదవ లేదు. అయితే అక్కడికి వెళ్లగానే మొత్తం తీగ మార్చడానికి ఒప్పుకోకండి. కార్బన్ బ్రష్‌లు, వోల్టేజిని నిలకడగా ఉంచే ఏవీఆర్ లేదా కెపాసిటర్ ముందు చూడమనండి. చాలాకాలం వాడని జనరేటర్‌లో అయస్కాంత శక్తి తగ్గి కరెంటు పుట్టకపోవచ్చు, పని తెలిసినవారు బ్యాటరీతో దానిని కొద్దిసేపట్లోనే తిరిగి రప్పిస్తారు. తీగ మార్చక తప్పకపోతే, రాగి తీగే వేస్తామని బిల్లు మీద రాయించుకోండి.

తిరిగి తీసుకునేటప్పుడు షాపులోనే అరగంట లోడు మీద, అంటే బల్బులు, ఫ్యాన్లు వంటివి తగిలించి నడిపించి, మీటర్‌లో 230 వోల్టులకు దగ్గరగా ఉందో లేదో చూడండి. ఇంట్లో జనరేటర్ కరెంటును వీధి లైనుతో కలవకుండా విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా ప్లగ్గు ద్వారా కరెంటు ఎక్కిస్తే, అది వీధి లైనులోకి పోయి లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. గదిలోనో వరండాలోనో నడిపితే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోవారి ప్రాణం తీస్తుంది. ఆ తరువాత నెలకొకసారి పావుగంట లోడు మీద నడిపి, చివర్లో ట్యాంకు నుంచి పెట్రోలు దిగే దారిలోని కాక్ మూసి, కార్బొరేటర్‌లో మిగిలినది అయిపోయి దానంతటదే ఆగేవరకు ఉండండి.