కౌబాయ్ వేషానికి సరిపోయే సంచి: తక్కువ ఖర్చులో ఇంట్లోనే కుట్టుకోవడం ఎలా?

కౌబాయ్ రీఎనాక్ట్‌మెంట్‌కి, అంటే ఆ కాలపు వేషాలు వేసి అప్పటి జీవితాన్ని మళ్లీ ఆడి చూపించే సరదాకి, కొత్తగా వచ్చేవాళ్లు డబ్బంతా టోపీకి, బూట్లకి పెట్టేసి, చివరికి నైలాన్ బ్యాగు తగిలించుకుని వస్తారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. టెక్సాస్ నుంచి కాన్సాస్‌లోని ఆబిలీన్‌కి పశువులను తోలడం మొదలైంది 1867లో. నైలాన్ వచ్చింది 1930ల్లో!

అలాగని ఖరీదైన తోలు సంచి కొనక్కర్లేదు. మందల వెంట వెళ్లిన కుర్రాళ్లు మారుచొక్కా, పొగాకు, ఉత్తరాలు ఓ గుడ్డసంచిలో కుక్కి వంటబండిలో పడేసేవాళ్లు. దాన్ని 'వార్ బ్యాగ్' అనేవాళ్లు. ఖాళీ పిండిబస్తా అయినా సరే.

నాకు అన్నిటికన్నా నచ్చేది 'వాలెట్' సంచి. రెండు కొసలూ మూసి, నడుమ నోరు ఉంటుంది. అచ్చం మన పాతకాలపు అసిమి.

ముందు ముతక కోరా నూలుగుడ్డ తీసుకోండి. ఒకటిన్నర గజం పొడవు, గజం వెడల్పు చాలు. పెయింటర్లు నేలమీద పరిచే కాన్వాస్ గుడ్డ చౌకగా వస్తుంది, ప్లాస్టిక్ పూత లేనిది చూసుకోండి. వేడినీళ్లలో ఉతికి ఆరేస్తే కుంచించుకుపోయేదేదో ముందే పోతుంది.

గుడ్డను నిలువుగా సగానికి మడవండి. 54 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు వస్తుంది. తెరిచి ఉన్న పొడవాటి అంచు కుట్టుకుంటూ వెళ్లి, సరిగ్గా మధ్యలో 14 అంగుళాలు వదిలేయండి. రెండు కొసలూ కుట్టేసి, సంచిని తిరగేసి, నోటి అంచులను లోపలికి రెండు మడతలు వేసి కుట్టండి. మిషన్ కుట్టు తప్పేమీ కాదు, సింగర్ మిషన్లు 1850ల నుంచే ఉన్నాయి. జిగ్‌జాగ్, ఓవర్‌లాక్ కుట్లు మాత్రం వద్దు.

అసలు జాగ్రత్త నోటి మూలల దగ్గర. బరువంతా లాగేది అక్కడే. నా మొదటి సంచి ఆ మూలలోనే పర్రున చిరిగి, కాఫీగింజలన్నీ గడ్డిలో పోయాయి. దారానికి తేనెమైనం పట్టించి, రెండు మూలల్లోనూ అడ్డంగా ఆరేడు కుట్లు గట్టిగా బిగించండి.

నింపేటప్పుడు రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి. నడుమ రెండు మెలికలు తిప్పితే నోరు దానంతటదే మూసుకుంటుంది, జిప్పూ గుండీ అక్కర్లేదు. భుజాన వేసుకోవచ్చు, జీను వెనక అడ్డంగా వేసి కట్టుకోవచ్చు.

కొందరు పాతగా కనబడాలని టీ నీళ్లలో ముంచుతారు. నేనైతే వద్దంటాను. ఆ కుర్రాళ్ల సంచి కూడా ఒకప్పుడు కొత్తదే కదా. నాలుగు క్యాంపులు మట్టిలో, పొగలో తిరగనివ్వండి, ఆ రంగు అదే వస్తుంది.