లీన్ పెట్టాలా, సిక్స్ సిగ్మా పెట్టాలా? ముందు ఇబ్బంది ఎక్కడుందో చూడండి

బెంగళూరు పీణ్యలో చిన్న మెషిన్ షాపులు నడిపే మనవాళ్ళు గానీ, ఎలక్ట్రానిక్ సిటీలో ఆపరేషన్స్ చూసేవాళ్ళు గానీ ఎక్కువగా అడిగేది ఒకటే, లీన్ (వృథా తగ్గించే పద్ధతి) మంచిదా, సిక్స్ సిగ్మా (డేటాతో తప్పులు తగ్గించే పద్ధతి) మంచిదా అని. అలా అడిగితే జవాబు రాదండి. మీ దగ్గర పని లేటవుతోందా, తప్పులొస్తున్నాయా, లేక ఒక్కచోటే ఇరుక్కుపోతోందా, ముందు అది తేలాలి.

దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు. ఒక ఆర్డర్ పట్టుకుని ఎంక్వైరీ వచ్చిన దగ్గర్నుంచి డిస్పాచ్ అయ్యి బిల్లు వెళ్ళేదాకా దాని వెంటే తిరగండి, ప్రతిచోటా రెండు టైములు రాసుకోండి, నిజంగా పని జరిగిన టైము ఒకటి, ఊరికే పడున్న టైము ఒకటి. క్యాబిన్లో కూర్చుని సూపర్‌వైజర్ని అడిగితే జరగాల్సింది చెప్తాడు, జరిగేది చెప్పడు, అందుకే మీరే వెళ్ళండి.

పడున్న టైమే ఎక్కువుంటే లీన్ వైపు వెళ్ళండి. టొయోటాలో తైచి ఓనో వాళ్ళు పెంచిన పద్ధతి ఇది, వృథాని ఏడు రకాలుగా చూస్తారు, మనకి ఎక్కువ తగిలేవి ఎదురుచూపులు, అవసరానికి మించి తయారు చెయ్యడం. రోజుకి 10 ఆర్డర్లు బయటికెళ్తూ మధ్యలో 60 నడుస్తున్నాయంటే ఒక్కో ఆర్డర్‌కి సగటున 6 రోజులు పడుతుంది, ఎవర్ని ఎంత తరిమినా అంతే. ఒకేసారి మొదలెట్టేవి తగ్గించండి.

అన్నీ ఒకే మెషిన్ ముందు పేరుకుంటుంటే గోల్డ్‌రాట్ అనే ఆయన చెప్పిన థియరీ ఆఫ్ కన్‌స్ట్రెయింట్స్ చూడండి, అంటే మొత్తం పనిని ఆపుతున్న ఆ ఒక్కచోటుని ముందు సరిచెయ్యడం. నాకైతే చిన్న షాపులకి అన్నిటికన్నా ముందు పనికొచ్చేది ఇదే అనిపిస్తుంది, ఎందుకంటే పెద్దగా ఖర్చు లేదు. ఆ మెషిన్ దగ్గర పోయిన గంట మొత్తం షాపుకి పోయిన గంటే. కొత్త మెషిన్‌కి లోన్ పెట్టేముందు, లంచ్ టైములో అక్కడ ఇంకొకర్ని నిలబెట్టండి, తర్వాతి సెటప్‌కి టూల్స్ ముందే రెడీగా ఉంచండి, ఇన్‌స్పెక్షన్‌ని దాని ముందుకి మార్చండి, లేదంటే ముందే చెడిపోయిన పీసు మీద దాని టైము తగలేసినట్టే.

సిక్స్ సిగ్మా 1980ల్లో మోటరోలాలో పుట్టింది, తప్పు జరగడానికి 10 లక్షల అవకాశాలుంటే 3.4 తప్పులు మించకూడదన్నది దాని గురి. పీసు పీసుకీ కొలత మారుతూ కారణం ఎవరికీ అంతుపట్టనప్పుడే దీని జోలికి వెళ్ళండి, అదీ చేతిలో సరిపడా డేటా ఉంటేనే. ప్రతి జాబూ వేరే డ్రాయింగ్ అయ్యే చోట ఇది కష్టం. డేటా తీసేముందు ఒకే పీసుని ఒకే మైక్రోమీటర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరం) ఇద్దరితో కొలిపించండి, రీడింగులు తేడా వస్తే తప్పు పీసులో కాదు కొలతలోనే ఉండొచ్చు. పీసుని పట్టి ఉంచే ఫిక్స్చర్ అరిగిపోయి కళ్ళ ముందే కనబడుతుంటే ఏ సిగ్మా వద్దు, మార్చేయండి.

ఈఆర్‌పీ (ఆర్డర్లు, స్టాకు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) కొందామనుకునేవాళ్ళు అక్కర్లేని అప్రూవల్స్ ముందే తీసేయండి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో మార్చాలంటే మళ్ళీ డబ్బే.

ఏది ఎంచుకున్నా ముందు ఒక్క లైన్లోనే పెట్టి చూడండి, ఇప్పుడు ఎన్ని రోజులు పడుతోందో, ఎన్ని తప్పులొస్తున్నాయో ఆ నంబర్ మాత్రం మొదలెట్టే ముందే రాసి ఉంచండి. ఎవరి ఉద్యోగం పోదని మొదటిరోజే చెప్పండి, లేకపోతే మెషిన్ మీద ఉన్నవాళ్ళు అసలు సంగతి చెప్పరు. ఫ్లోర్ మీద కన్నడ, హిందీ, ఒడియా అన్నీ వినబడతాయి కాబట్టి కొత్త పద్ధతిని ఇంగ్లీషు చార్టుగా గోడకి అంటించకుండా ఆ మెషిన్ దగ్గరే తీసిన ఫొటోలతో పెట్టండి.