ఫ్రెండ్స్‌తో బ్యాక్‌ప్యాకింగ్: వైజాగ్‌లో రైలెక్కే ముందే తేల్చుకోవాల్సినవి

గ్యాంగ్ అంతా కలిసి ఇండియా తిరగాలనుకుంటే మ్యాప్ తర్వాత చూడొచ్చు, ముందు డబ్బు సంగతి తేల్చండి. గ్రూప్‌లో ఒకరికి జీతం బాగానే వస్తుంటుంది, ఇంకొకరు ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటారు, మరొకరు ఇంట్లో అడిగి తెచ్చుకోవాలి. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ అందరి ముందూ "తలా ఎంత వేసుకుందాం రా" అంటే తక్కువ ఉన్నవాళ్ళు నోరు విప్పరు. సరే సరే అని తలూపి, తీరా టికెట్లు తీసే రోజున ఇంట్లో ఏదో పని పడిందంటారు. అందుకని ఎవరికి వాళ్ళు తాము పెట్టగలిగింది ఎంతో అందరికీ నమ్మకమున్న ఒక్కరికి విడిగా మెసేజ్ చెయ్యండి. వచ్చిన వాటిలో అన్నిటికన్నా తక్కువ అంకె ఏదో అదే గ్రూప్ బడ్జెట్, అది ఎవరిదో ఆ ఒక్కరూ బయటపెట్టకూడదు. చేతిలో ఎక్కువ ఉన్నవాళ్ళకి ఇది కొంచెం ఇబ్బందే, కానీ స్లీపర్‌లో వెళ్ళినంత మాత్రాన వాళ్ళకి పోయేదేమీ లేదు. హోటల్లో రేట్లు చూసి "నాకు ఆకలి లేదు" అనే ఫ్రెండ్ ఎదురుగా కూర్చుంటే మాత్రం ఎవరికీ ముద్ద దిగదు.

ఎంతమంది వెళ్ళాలంటే, నలుగురి నుంచి ఆరుగురు. దీనికి కారణం రైల్వే రూలే. ఒక టికెట్ మీద ఆరుగురి పేర్లే పడతాయి, తత్కాల్‌లో అయితే నలుగురే. ఏడో మనిషి చేరగానే రెండో టికెట్ తియ్యాలి, అది వేరే బోగీలో పడిందంటే రాత్రంతా అటూ ఇటూ తిరగడమే. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది (2024 నవంబర్ ముందు 120 రోజులుండేది), అంచేత తేదీలు ఖాయం చేసుకోవడానికి మరీ ముందు నుంచి హడావిడి అక్కర్లేదు, కానీ ఆ 60వ రోజు ఉదయం మాత్రం వదలొద్దు. బుక్ చేసేటప్పుడు కన్ఫర్మ్ బెర్తులు ఉంటేనే బుక్ చెయ్యమనే ఆప్షన్ టిక్ పెట్టండి, లేకపోతే నలుగురికి బెర్తులొచ్చి ఇద్దరు వెయిటింగ్‌లో ఉండిపోతారు. తత్కాల్ ముందు రోజు ఏసీకి 10 గంటలకి, స్లీపర్‌కి 11 గంటలకి మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో తియ్యాలంటే 2025 జులై నుంచి అకౌంట్‌కి ఆధార్ వెరిఫికేషన్ అయ్యుండాలి. ఇద్దరి ముగ్గురి అకౌంట్లకి ఈ పని ఇంటి దగ్గరే పూర్తి చెయ్యండి. ఎక్కడో జైసల్మేర్‌లో సిగ్నల్ లేనప్పుడు ఓటీపీ కోసం చూస్తూ కూర్చోవడం మామూలు టెన్షన్ కాదు.

రూట్ విషయంలో మన ఊరు మంచి చోట ఉంది. హౌరా-చెన్నై లైన్ మీద ఉన్నాం కాబట్టి పైకి వెళ్తే భువనేశ్వర్, పూరీ, కోల్‌కతా, అక్కణ్ణించి న్యూ జల్పాయిగురి మీదుగా డార్జిలింగ్. కిందికి వెళ్తే చెన్నై, మదురై, రామేశ్వరం, కన్యాకుమారి. పడమరకైతే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హోస్పేటలో దిగితే హంపి, అది చూసుకుని మళ్ళీ అదే లైన్లో గోవా. ఢిల్లీకి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఇక్కడే బయల్దేరుతుంది. వీటిలో ఒక్క దిక్కు ఎంచుకోండి చాలు, దేశమంతా ఒకే విడతలో చుట్టేద్దామనుకుంటే ఉన్న సెలవులు కాస్తా రైళ్ళలోనే అయిపోతాయి. చాలామందికి తెలియనిది సర్క్యులర్ జర్నీ టికెట్: బయల్దేరిన స్టేషన్‌కే తిరిగి వచ్చేలా రూట్ రాసిస్తే మొత్తం దూరానికి కలిపి ఛార్జీ లెక్కగట్టి ఇస్తారు, మధ్యలో ఎనిమిది చోట్ల దిగొచ్చు, విడివిడి టికెట్ల కంటే చవక. దానికి మన రైల్వే డివిజన్ కమర్షియల్ ఆఫీస్‌లో అప్లై చెయ్యాలి, బెర్తులు మళ్ళీ విడిగా రిజర్వ్ చేసుకోవాలి. కాళ్ళు కొంచెం అరుగుతాయి, అయినా పెద్ద రూట్ అయితే తప్పకుండా కనుక్కోండి.

అరుణాచల్, నాగాలాండ్, మిజోరాం, మణిపూర్ వెళ్ళేవాళ్ళు ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటివాళ్ళు ఆ రాష్ట్రాల్లోకి వెళ్ళడానికి ఇచ్చే అనుమతి) ముందే తీసుకోవాలి. లద్దాఖ్, కశ్మీర్‌లలో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచెయ్యదు, గ్రూప్‌లో కనీసం ఇద్దరికి పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

ఇక బ్యాగ్. 40 నుంచి 50 లీటర్లది ఒక్కటే, దాన్ని నింపి మెట్ల దారిలో సింహాచలం కొండెక్కి చూడండి. మధ్యలో దించాలనిపించిందంటే సామాను ఎక్కువైనట్టే, ఇంటికొచ్చి మూడో వంతు తీసెయ్యండి. షూస్ సంగతి గిరి ప్రదక్షిణ చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, 32 కిలోమీటర్లు నడిస్తే ఏ జత ఎక్కడ కొరుకుతుందో తెలిసిపోతుంది. కొత్త షూస్‌తో మాత్రం ట్రిప్‌కి బయల్దేరొద్దు. ఎవరి బట్టలు వాళ్ళవే గానీ మందుల డబ్బా, బట్టలారేసే నైలాన్ తాడు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ గ్రూప్ మొత్తానికి ఒక్కోటి చాలు. ఈ ఎక్స్‌టెన్షన్ బాక్స్ విలువ డార్మిటరీలో తెలుస్తుంది: మంచానికి ఒక్క ప్లగ్ ఉంటుంది, అది కూడా వదులుగా ఉంటే చార్జర్‌ని చేత్తో పట్టుకుని కూర్చోవాలి. రైల్లో సీటు కింద బ్యాగులన్నీ కలిపి ఒక గొలుసు వేసి తాళం పెట్టండి. స్టేషన్ క్లోక్‌రూమ్‌లో కూడా తాళం లేని బ్యాగ్ తీసుకోరు.

చలి గురించి మనవాళ్ళు తక్కువ అంచనా వేస్తారు. డిసెంబర్‌లో లంబసింగిలో ఒక తెల్లవారుజాము గడిపి చూస్తే ఎన్ని పొరలు కావాలో లెక్క దొరుకుతుంది. చలికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఎత్తు దగ్గర. మనం సముద్రం పక్కన పుట్టి పెరిగాం, లద్దాఖ్‌లోని లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఫ్లైట్ దిగిన మొదటి రెండు రోజులూ ఏ ప్లానూ పెట్టుకోకుండా పడుకుని, నీళ్ళు తాగుతూ ఉండాలి. ఒకరికి తలనొప్పి, వాంతులు మొదలైతే మిగతావాళ్ళంతా పాంగాంగ్ సరస్సు చూడ్డానికి వెళ్ళిపోవడం ఉండదు. ఒకరు తోడు ఉండాలి, తగ్గకపోతే కిందికి దించేయాలి. ఇక్కడా బడ్జెట్‌కి పెట్టుకున్న రూలే: అందరిలో నెమ్మదిగా నడిచేవాళ్ళని బట్టే రోజు ప్లాన్.

బసకి హాస్టల్ డార్మ్‌లు చవకే. కాశీలో మనవాళ్ళకి శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం ఉండనే ఉంది, అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంలో లంగర్ (అందరికీ ఉచిత భోజనం) రాత్రీ పగలూ నడుస్తుంది. రోటీలు తిని తిని ఎవరి మొహమైనా వాడిపోతే ఢిల్లీలో అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి తీసుకెళ్ళండి, వేడి అన్నంలో పప్పు పడగానే మళ్ళీ మనిషవుతారు. ఒక చిన్న ఆవకాయ సీసా, కారప్పొడి ప్యాకెట్ మాత్రం బ్యాగులో ఉండాలి, ఇందులో వేరే మాట లేదు.

రోజూ సాయంత్రం దాకా అంటిపెట్టుకునే తిరగాలని లేదు. ఒకరికి కోటలు ఇష్టం, ఒకరికి మార్కెట్లు. పొద్దున్న విడిపోయి రాత్రి భోజనానికి కలవండి, ఫోన్లో లైవ్ లొకేషన్ ఆన్‌లో ఉంచండి. అమ్మానాన్నలకి పీఎన్ఆర్‌లు, బస చేసే చోటి అడ్రసు ముందే పంపితే రోజుకి పదిసార్లు ఫోన్ చెయ్యరు.

టీ, ఆటో, టికెట్ లాంటి ఉమ్మడి ఖర్చులకి ఒక జిప్ పౌచ్ పెట్టి క్యాష్ ఒకరి చేతిలో ఉంచండి, కొండల్లో యూపీఐ మీద భరోసా వద్దు. ఖర్చయింది ఖర్చయినట్టు ఆ రాత్రే రాయాలి. తిరుగు ప్రయాణంలో రైలు విజయవాడ దాటాక ఇంకా ఆరు గంటలు చేతిలో ఉంటాయి, ఎవరు ఎవరికెంత ఇవ్వాలో అప్పుడే తేల్చేసి పంపించెయ్యండి. అన్నట్టు టికెట్ తీసేటప్పుడే చూసుకోండి, కొన్ని రైళ్ళు వైజాగ్ స్టేషన్‌కి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్ళిపోతాయి. అర్ధరాత్రి అక్కడ దిగేట్టయితే ఇంటికెళ్ళే బండి ముందే మాట్లాడి పెట్టుకోండి.