నాస్కార్ పాయింట్ల పట్టిక: చదివే తీరు, లెక్కగట్టే తీరు

ఐపీఎల్ పట్టికకు అలవాటుపడిన కంటికి అమెరికా కార్ల రేసుల పోటీ నాస్కార్ పట్టిక ఒక పట్టాన అంతుచిక్కదు. క్రికెట్‌లో మైదానంలో ఉండేవి రెండు జట్లే. గెలిస్తే రెండు, ఓడితే సున్నా. ఇక్కడ ఒకే రేసులో నలభై దాకా కార్లు దిగుతాయి, దాదాపు అందరి ఖాతాలోనూ ఎంతో కొంత పడుతుంది. రెండో స్థానంలో వచ్చినవాడికంటే ఆరో స్థానంలో వచ్చినవాడికి ఎక్కువ పాయింట్లు రావడం ఇక్కడ మామూలే. తప్పు అచ్చయిందేమో అనుకోకండి. కాగితం, పెన్ను ఉంటే పది నిమిషాల్లో మీరే సరిచూసుకోవచ్చు. కింద చెప్పేది నాస్కార్ అగ్రశ్రేణి పోటీ అయిన కప్ సిరీస్‌లో 2026 నుంచి అమల్లోకి వచ్చిన లెక్క. మిగతా రెండు జాతీయ సిరీస్‌లలో ఛేజ్‌కు (సీజన్ చివర్లో టైటిల్ తేల్చే రేసులకు) వెళ్ళే డ్రైవర్ల సంఖ్య, ఛేజ్ రేసుల సంఖ్య వేరు.

ఒక్క రేసు లెక్క

విజేతకు 55. రెండో స్థానానికి 35, మూడో స్థానానికి 34, అలా ఒక్కొక్కటీ తగ్గుతూ 35వ స్థానానికి 2. ఆ తర్వాత 36 నుంచి 40 దాకా అందరికీ ఒకటే, 1. దీన్ని బట్టీ పట్టనక్కర్లేదు. 37లోంచి స్థానాన్ని తీసేస్తే సరి: 12వ స్థానమైతే 25, 20వ స్థానమైతే 17. ఈ సూత్రం రెండో స్థానం నుంచి 36వ స్థానం దాకానే పనిచేస్తుంది. విజేత లెక్క విడిగా వేయాలి.

దీనికి స్టేజ్ పాయింట్లు కలపాలి. 2017 నుంచి ప్రతి రేసునూ భాగాలుగా విడగొట్టారు. సాధారణంగా మూడు భాగాలు. మొదటి రెండింటి చివర ముందున్న పదిమందికి 10, 9, 8 అలా 1 దాకా ఇస్తారు. మూడో భాగం ముగింపే రేసు ముగింపు కాబట్టి దానికి విడిగా స్టేజ్ పాయింట్లు లేవు. షార్లెట్‌లో జరిగే కోకా-కోలా 600 మాత్రం నాలుగు భాగాలు, అంటే స్టేజ్ పాయింట్లు మూడుసార్లు. చివరిగా, రేసు మొత్తంలో అత్యంత వేగంగా ఒక ల్యాప్ (ట్రాకు చుట్టూ ఒక చుట్టు) తిరిగినవాడికి ఇంకో 1. ఇది 2025లో వచ్చింది.

కాబట్టి మామూలు రేసులో ఒకడికి రాగలిగిన గరిష్ఠం 55+10+10+1, అంటే 76. కోకా-కోలా 600లో 86. ఈ 76 అనే సంఖ్యను గుర్తుపెట్టుకోండి, సీజన్ చివర్లో దీనితోనే పని.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఒక డ్రైవరు మొదటి స్టేజ్‌లో మూడో స్థానం, రెండో స్టేజ్‌లో 11వ స్థానం, రేసు ముగింపులో ఆరో స్థానం. 8+0+31, మొత్తం 39. ఇంకొకడు రెండు స్టేజ్‌లలోనూ వెనకే ఉండి, చివర్లో దూసుకొచ్చి రెండో స్థానంలో ముగించాడు: 35. రేసులో నాలుగు స్థానాలు వెనకబడ్డవాడే పట్టికలో నాలుగు పాయింట్లు ముందుకెళ్ళాడు. స్టేజ్‌లో 10వ స్థానానికీ 11వ స్థానానికీ తేడా ఒక్క పాయింటే అనిపిస్తుంది గానీ, మధ్యస్థంగా నడిచే జట్లకు సీజన్ పొడుగునా ఆ ఒక్కొక్కటే పోగుపడి ఛేజ్‌లో చోటు తేలుస్తుంది.

రోడ్ కోర్సుల్లో దీన్ని కళ్ళారా చూడొచ్చు. వంపులు తిరిగే ఆ ట్రాకుల్లో ముందున్న కార్లలో కొన్ని స్టేజ్ ముగియడానికి కాస్త ముందే టైర్లు, ఇంధనం కోసం పిట్‌లోకి వెళ్ళిపోతాయి. స్టేజ్ పాయింట్లు వదులుకుంటాయి. బదులుగా మిగతావాళ్ళు స్టేజ్ అయ్యాక పిట్‌కు వెళ్ళినప్పుడు ఇవి ముందు వరసలోకి వస్తాయి. పట్టికలో స్థానం గట్టిగా ఉన్న జట్టు గెలుపు కోసం ఈ పని చేస్తుంది. కోత గీత (ఛేజ్‌కు వెళ్ళే చివరి చోటు) దగ్గర నిలబడ్డ జట్టు చేతిలోని 10 పాయింట్లు వదలలేదు. ఎవరు ఎప్పుడు పిట్‌కు వెళ్ళారో చూస్తే వాళ్ళ పట్టిక పరిస్థితి చెప్పేయొచ్చు.

వేగవంతమైన ల్యాప్ పాయింటుకు ఒక లొసుగు ఉంది. కొత్త టైర్లు వేసుకున్న కారు ఎన్నో ల్యాపులు వెనకబడి కూడా ఒక్క వేగవంతమైన ల్యాప్ కొట్టి ఆ పాయింటు తీసుకోవచ్చు. కాబట్టి 37వ స్థానంలో ముగించినవాడి వరసలో 2 కనిపిస్తే తికమకపడకండి.

లెక్క కుదరనప్పుడు

మీ లెక్క అధికారిక పట్టికతో సరిపోకపోతే ముందు చూడాల్సింది, ఆ డ్రైవరు ఏ సిరీస్‌లో పాయింట్లకు పేరిచ్చాడన్నది. సీజన్ మొదట్లోనే ప్రతి డ్రైవరూ ఒక్క సిరీస్‌ను ఎంచుకోవాలి. కింది సిరీస్ డ్రైవరు కప్ రేసులో 9వ స్థానంలో ముగించినా అతనికి వచ్చేది సున్నా. ఆ 28 పాయింట్లు 10వ స్థానంలోని వాడికి జరగవు. అతనికి 27 మాత్రమే. చాలామంది ఇక్కడే అందరినీ ఒక మెట్టు పైకి జరిపి తప్పు చేస్తారు.

రెండోది, మధ్యలో డ్రైవరు మారడం. ఒంట్లో బాగాలేక ఒకరు దిగి ఇంకొకరు నడిపినా పాయింట్లు రేసు మొదలుపెట్టినవాడివే. మూడోది, ఆల్-స్టార్ రేసు, క్లాష్ రేసులకు పాయింట్లు లేవు; వాటిని కూడికలో వేయొద్దు. సీజన్ తొలి పాయింట్ల రేసు డేటోనా 500కు ముందు జరిగే రెండు డ్యూయల్ రేసులకు మాత్రం ఉన్నాయి, తొలి పదిమందికి 10 నుంచి 1 దాకా. సీజన్ మొదటి పట్టికలోనే మీ కూడిక తక్కువ వస్తే కారణం బహుశా అదే.

ఓనర్ల పట్టిక విడిగా ఉంటుంది, పొరపాటున దాన్ని తెరిచి కంగారుపడేవాళ్ళున్నారు. అందులో పాయింట్లు కారు నంబరుకు చెందుతాయి. ఆ కారును సీజన్‌లో నలుగురు నడిపినా అన్నీ ఒకే వరసలో పడతాయి, డ్రైవరు ఏ సిరీస్‌కు పేరిచ్చాడన్నదానితో అక్కడ పనిలేదు.

26 రేసుల తర్వాత

మొదటి 26 రేసులు రెగ్యులర్ సీజన్. అది ముగిశాక పాయింట్లలో తొలి 16 మంది ఛేజ్‌కు వెళ్తారు. 2014 నుంచి 2025 దాకా ఒక్క గెలుపుతో ప్లేఆఫ్స్‌కు దారి దొరికేది. ఇప్పుడు ఆ దారి మూసేశారు, గెలిచినా పాయింట్లలో 16 లోపు ఉండాల్సిందే.

ఛేజ్‌కు ముందు వీళ్ళ పాయింట్లను తిరగరాస్తారు. మొదటివాడికి 2100, రెండోవాడికి 2075, మూడోవాడికి 2065, నాలుగోవాడికి 2060. అక్కడి నుంచి ఐదేసి తగ్గుతూ 16వ వాడికి 2000. తర్వాత 10 రేసులు, మధ్యలో ఎవరినీ తీసేయరు, ఎక్కువ పాయింట్లున్నవాడే ఛాంపియన్. ఛేజ్‌లో లేనివాళ్ళూ రేసుల్లో ఉంటారు, పాయింట్లూ తీసుకుంటారు, కానీ వాళ్ళ అంకె రెండు వేలకు చాలా కిందే ఉండిపోతుంది. పట్టికలో 16, 17 స్థానాల మధ్య కనిపించే ఆ అగాధం తిరగరాత వల్ల వచ్చిందే.

కోత గీత దగ్గరివాళ్ళను చూసేటప్పుడు మొత్తం పాయింట్లతో పనిలేదు. 16వ స్థానానికీ మీ డ్రైవరుకూ ఉన్న తేడాను మిగిలిన రేసులతో భాగించండి. 48 వెనకబడి ఆరు రేసులు మిగిలితే, రేసుకు 8 చొప్పున ఎక్కువ తేవాలి. అంటే ప్రతి రేసులోనూ గీత మీదున్నవాడికంటే ఎనిమిది స్థానాలు ముందు ముగించాలి, లేదా స్టేజ్‌లలో ఆ మేర దండుకోవాలి. ఒక గెలుపు వస్తే లెక్కే మారిపోతుంది: 18వ స్థానంలో ముగించిన వాడితో పోలిస్తే ఒక్క రోజులో 36 పూడుతుంది. ఒక ప్రమాదం దీన్ని అంతే వేగంగా తిరగేస్తుంది. అందుకే చాలా వెనకబడ్డవాడి గురించి చెప్పేటప్పుడు ఆ సగటు మీద కన్నా, గీతకు పైనున్నవాడి చెడ్డ రోజుల మీదే ఎక్కువ ఆధారపడాలి.

ఛాంపియన్‌షిప్ ఖాయమైందా అన్నది చూడాలంటే ఆ 76 తీయండి. చివరి రేసు మొదలుపెట్టినవాడికి కనీసం 1 వస్తుంది. కాబట్టి ఆధిక్యం 76 ఉంటే, పచ్చజెండా కింద బయల్దేరితే చాలు. సరిగ్గా 75 అయితే సమం కావచ్చు, అప్పుడు ఎక్కువ గెలుపులున్నవాడిది టైటిల్. అవీ సమమైతే రెండో స్థానాలు, తర్వాత మూడో స్థానాలు లెక్కిస్తారు. 2011లో టోనీ స్టువర్ట్, కార్ల్ ఎడ్వర్డ్స్ ఇద్దరూ 2403 దగ్గర ఆగారు. స్టువర్ట్‌కు ఐదు గెలుపులు, ఎడ్వర్డ్స్‌కు ఒక్కటే. కప్పు స్టువర్ట్‌కు వెళ్ళింది.

ఆధిక్యం తక్కువున్నప్పుడు ఇంకో లెక్క ఉంది. వెంటపడేవాడు రేసు, రెండు స్టేజ్‌లు, వేగవంతమైన ల్యాప్ అన్నీ గెలిస్తే 76. ముందున్నవాడు అన్నింటిలోనూ రెండోవాడైతే 35+9+9, అంటే 53. తేడా 23. కాబట్టి 24 పాయింట్ల ఆధిక్యం ఉన్నవాడు ప్రత్యర్థి కారు వెనకే అంటిపెట్టుకుని తిరిగితే సరిపోతుంది. 23 కన్నా తక్కువైతే ఏదో ఒకచోట దాటి తీరాలి.

సోమవారం పొద్దున్న చూసిన పట్టిక

తూర్పు అమెరికాలో వేసవి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే రేసు మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకు మొదలవుతుంది. పొద్దున్నే లేచి చూసే పట్టిక చాలాసార్లు తాత్కాలికం. రేసు తర్వాత కార్లను తనిఖీ చేస్తారు, తేడా ఉంటే డిస్‌క్వాలిఫై చేసి చివరి స్థానానికి నెడతారు. 2022లో పొకోనోలో మొదటి రెండు స్థానాల్లో ముగించిన డెనీ హామ్లిన్, కైల్ బుష్ ఇద్దరినీ ఇలాగే తీసేస్తే, మూడో స్థానంలో ఉన్న చేజ్ ఇలియట్ విజేత అయ్యాడు. 2024లో షార్లెట్ రోవల్ రేసు తర్వాత అలెక్స్ బోమన్ కారు కనీస బరువు తూగలేదు. అతని బదులు, అప్పటికే బయటికి పోయాడనుకున్న జోయి లొగానో అప్పటి ప్లేఆఫ్స్‌లో తర్వాతి దశకు వెళ్ళాడు. ఆ ఏడు ఛాంపియన్ లొగానోనే.

తనిఖీ అయ్యాక కూడా వారం మధ్యలో జరిమానాలు రావచ్చు. 2022లో అట్లాంటా రేసు తర్వాత బ్రాడ్ కెసలౌస్కీకి ఒకేసారి 100 పాయింట్లు కోశారు. మరుసటి ఏడు హెండ్రిక్ జట్టు డ్రైవర్లకూ అదే శిక్ష పడింది గానీ, అప్పీలులో ఆ పాయింట్లు తిరిగొచ్చాయి. కాబట్టి మీ కాగితంలో జరిమానాలకు ఒక గడి విడిగా ఉంచండి, అసలు కూడికలో కలిపేస్తే తర్వాత విడదీయడం కష్టం.

పాత సీజన్లు చూసేటప్పుడు

1975 నుంచి 2003 దాకా బాబ్ లాట్‌ఫర్డ్ రూపొందించిన లెక్క నడిచింది. గెలిస్తే 175, రెండో స్థానానికి 170. ఒక్క ల్యాప్ ముందున్నా 5, అత్యధిక ల్యాపులు ముందుంటే ఇంకో 5. విజేత 180 తీసుకుంటే, ఎక్కువసేపు ముందుండి రెండో స్థానంలో ముగించినవాడికీ 180 వచ్చేది. నిలకడకు అంత విలువ ఉండేది: 2003లో మ్యాట్ కెన్సెత్ ఒకే ఒక్క గెలుపుతో ఛాంపియన్ అయ్యాడు, ఎనిమిది రేసులు గెలిచిన రయన్ న్యూమన్ ఆరో స్థానంలో మిగిలాడు. మరుసటి ఏడే ఛేజ్ వచ్చింది.

ఆ తర్వాత త్రాసు గెలుపు వైపు మరీ ఒరిగింది. 2014–2025 మధ్య టైటిల్‌ను నలుగురి మధ్య ఒక్క చివరి రేసులో తేల్చేవారు. 2025లో ఫీనిక్స్‌లో హామ్లిన్ 319 ల్యాపుల్లో 208 ముందున్నాడు. చివర్లో అందరూ నెమ్మదించాలని చెప్పే పసుపు జెండా పడింది, అతను ఆరో స్థానానికి జారాడు. ఒక్క ల్యాపూ ముందుండని కైల్ లార్సన్ మూడో స్థానంలో ముగించి కప్పు ఎత్తుకున్నాడు. గెలుపుకు 40 బదులు 55, పది రేసుల ఛేజ్, ఇవి రెండూ ఆ తర్వాతి సీజన్‌కే వచ్చాయి.

ఆ కాలపు తుది పట్టిక తెరిస్తే తొలి నలుగురికి 5000 పైన, ఐదోవాడికి 2000 పైన కొన్ని వందలు మాత్రమే కనిపిస్తాయి. దశ దాటిన ప్రతిసారీ అంకెను 3000, 4000, 5000కు తిరగరాసేవారు, మధ్యలో రాలిపోయినవాళ్ళను మళ్ళీ 2000 మెట్టుకు దించి కూడేవారు. ఆ వరసల్లో పైనుంచి కిందికి తీసివేతలు చేయకండి. మొదటి నలుగురిని విడిగా, ఐదు నుంచి పదహారు దాకా విడిగా చదవండి.