దీవిలో గెస్ట్‌హౌస్: పడవ రాకపోయినా నీళ్లు ఆగకుండా

గదులు ఇచ్చే ముందు నీళ్ల లెక్క వేయండి. మనిషికి రోజుకు 80 లీటర్లు అనుకుంటే స్నానం, ఫ్లష్, వంట, గది ఖాళీ అయ్యాక ఉతికే దుప్పట్లు అన్నీ అందులో సరిపోతాయి. ఆరుగురు అతిథులు, ఇద్దరు పనివాళ్లు ఉంటే 640 లీటర్లు. సముద్రం బాగోక పడవలు ఆగితే, వెళ్లాల్సినవాళ్లు కూడా మీ దగ్గరే ఉండిపోతారు. అందుకే మూడు రోజుల నీళ్లు, అంటే సుమారు 2,000 లీటర్లు, కదపకుండా ఉంచాలి.

నోటిమాటతో ఈ నిల్వ నిలవదు. ట్యాంకుకు రెండు గొట్టాలు పెట్టించండి. రోజువారీ గొట్టం 2,000 లీటర్ల మట్టం దగ్గర, రెండోది అడుగుకు నాలుగు వేళ్ల ఎత్తున ఉండాలి. పై గొట్టంలో ధార ఆగిందంటే ఇక మిగిలింది నిల్వ నీళ్లే. కింది వాల్వు పిడి తీసి మీ దగ్గర పెట్టుకోండి. వాన నీళ్లు వచ్చే గొట్టాన్ని అడుగుదాకా దించి, కొస పైకి వంచండి. మడ్డి రేగదు, పాత నీళ్లు పైకి జరిగి వాడకంలోకి వస్తాయి.

100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మి.మీ. వాన పడితే లెక్కకు 1,000 లీటర్లు, చేతికందేది 800 దాకా. అందులోనూ మొదటి 50 నుంచి 100 లీటర్లు బయటికి వదిలేయాల్సిందే. కప్పు మీది ఉప్పు, పక్షుల రెట్టలు వాటితోనే పోతాయి. తాగడానికి వాన నీళ్లనే మరిగించి వాడండి.

బావి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. దీవి అడుగున మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతుంటాయి. సముద్ర మట్టానికి పైన మీటరు మంచినీళ్లుంటే, కింద సుమారు 40 మీటర్లు ఉంటాయి. పైన కాస్త తగ్గినా, కింద అన్ని రెట్లు పోయే ప్రమాదం ఉందన్నమాట. సాయంత్రం అందరూ సముద్రస్నానం చేసొచ్చి ఒకేసారి షవర్ల కింద నిలబడతారు. అప్పుడు పెద్ద మోటారు వేసి జోరుగా లాగితే, సరిగ్గా బావి కిందే ఉప్పునీరు గుట్టలా పైకి లేస్తుంది. చిన్న మోటారుతో పొద్దుటి నుంచీ విడతలుగా తోడి పై ట్యాంకు నింపుకోండి. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటరు రీడింగు రోజూ ఒకే వేళకు రాయండి. వరసగా పెరుగుతుంటే బావికి విశ్రాంతి ఇవ్వాలి. సబ్బు నురగ రావడం లేదని తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

ఉప్పు నీళ్లతో ఉతికిన దుప్పట్లు ఎండలో ఆరినా రాత్రికి చెమ్మగా తగులుతాయి. బట్టలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను పీల్చుకోవడమే కారణం. ఉతకడం బావి నీళ్లతో చేసినా, చివరి జాడింపు మాత్రం వాన నీళ్లతోనే చేయాలి.

కాళ్ల ఇసుక కడగడానికి గుమ్మం బయటే బకెట్టు, చెంబు పెడితే బాత్‌రూమ్ తూములు పూడవు.

గది ఖాళీ అయిన ప్రతిసారీ ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కల రంగు వేసి 15 నిమిషాలు వదిలేయండి. ఫ్లష్ నొక్కకుండానే కింద గిన్నెలోకి రంగు దిగితే వాషర్ మార్చాలి. చప్పుడు లేని ఈ కారుటే రోజుకు వందల లీటర్లు తినేయగలదు.